అందరిదీ ఒకే తప్పు

కిందటి వారం మనం ఆసుపత్రి వరండాలో ఆగాం. అప్పుడు మనతో లేనివాళ్ళ కోసం నాలుగు మాటలు.

కరెంటు ఆఫీసులో పర్మిట్ డెస్క్ అని ఒకటుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఆ డెస్క్‌కి ఫోన్ చేస్తాడు. డెస్క్ అతని పేరు మీద, అతను ఎక్కే చోటు రాసి, పర్మిట్ తెరుస్తుంది. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ అది చూసి లైన్ ఆపుతాడు. పని ముగించి కిందికి దిగాక లైన్‌మన్ మళ్ళీ ఫోన్ చేస్తాడు. డెస్క్ పర్మిట్ మూస్తుంది, ఆపరేటర్ లైన్ వేస్తాడు. ఆ రెండు ఫోన్ల మధ్య స్తంభం మీది మనిషి ప్రాణం డెస్క్ దగ్గర ఉంటుంది.

ఆ డెస్క్‌లో ఏళ్ళ తరబడి కూర్చున్న ఆవిడని అందరూ మిషనక్క అంటారు, కీబోర్డు వంక చూడకుండా కొడుతుందని. ఈమధ్య ఆఫీసువాళ్ళు కంప్యూటర్లో స్క్రీన్ మొత్తం మార్చేశారు. మార్చిన కొన్నాళ్ళకే ఒక లైన్‌మన్ ఇంకా పైన ఉండగా అతని పర్మిట్ మూసుకుపోయింది. మూసింది మిషనక్క. అతని ముఖం ఆవిడ ఏనాడూ చూడలేదు. ఫోన్లో బావిలోంచి మాట్లాడినట్టు మాట్లాడతాడని డెస్క్‌లో అతన్ని బావిగొంతు అనేవాళ్ళు. తీగకి కరెంటుని నేలకి దించే ఎర్త్ గొలుసు తగిలించి ఉండబట్టి మనిషి దక్కాడు. కుడిచెయ్యి దక్కుతుందో లేదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు.

ఆసుపత్రి వరండాలో అతని భార్య మిషనక్కని ఒకటే అడిగింది. "చూసి నొక్కారా, చూడకుండా నొక్కారా?"

చూసే నొక్కింది. మార్కెట్ వీధి వాళ్ళు దిగామని ఫోన్ చేశారు. స్క్రీన్‌లో వాళ్ళ వరుస మీద గుర్తు పెట్టి ఎంటర్ నొక్కింది. మూసుకున్నది బావిగొంతు పర్మిట్. ఎలాగో ఆవిడకి తెలియదు. తెలియదంటే నమ్మేవాళ్ళు లేరు.

ఈ ఉదయం విచారణ.

*

"అత్తయ్యా, కొంచెం ఆ లైట్ వేస్తారా?"

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కోడలి వంక చూసింది. స్విచ్ కోడలి భుజం పక్కనే ఉంది. ముసలావిడ వచ్చి లైట్ వేసింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి పెద్దకోడలు మిషనక్క ఇంట్లో ఒక్క స్విచ్ ముట్టుకోలేదు. ఫ్యాను కావాలంటే పిల్లల్ని పిలుస్తుంది. పిల్లలు లేకపోతే చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటుంది.

"నువ్విలా ఎన్నాళ్ళుంటావే?" అంది అత్తగారు. "గోడకున్న స్విచ్ ఏం చేసింది నిన్ను?"

"ఏం చెయ్యలేదు. నా చెయ్యే ఏం చేస్తుందోనని."

"చెయ్యి నీది కాదా?"

మిషనక్క ఆ చేతిని కొంగులో చుట్టుకుంది. గ్లాసులో టీ చల్లారిపోయింది. అత్తగారు అది తీసి సింకులో పోసి, మళ్ళీ టీ గిన్నె స్టవ్ మీద పెట్టింది.

అప్పుడు చిన్నకోడలు వచ్చింది. తల దువ్వుకుని, ఆఫీసు బ్యాగు భుజానికి తగిలించుకుని ఉంది. ఆవిడా అదే ఆఫీసు, అదే డెస్క్. చేర్పించింది మిషనక్కే. మరిది పనిచేసే ప్రెస్సు మూతపడిన ఏడు, పైవాళ్ళని కలిసి, మా తోడికోడలు చురుకైనది, నాది పూచీ అని చెప్పి పెట్టించింది. చిన్నకోడలి ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. వచ్చే నెల కావాలి.

"అత్తయ్యా, మీ అబ్బాయి మిమ్మల్ని పిలుస్తున్నారు," అంది చిన్నకోడలు.

"ఏ అబ్బాయి?"

"మీకు నచ్చిన అబ్బాయి."

"నచ్చినవాడెవడూ లేడిక్కడ," అంటూనే ముసలావిడ వెళ్ళిపోయింది. ఎవరూ పిలవలేదని ఆవిడకీ తెలుసు.

చిన్నకోడలు వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, ఏం చెప్తావు?"

"అడిగింది చెప్తాను."

"ట్రైనింగ్ గురించి అడుగుతారు. గొడుగు నిన్న నాతో చెప్పాడు."

గొడుగు అంటే వాళ్ళ సూపర్వైజర్. ఆయన కింద ఆయనొక్కడే తడవకుండా ఉంటాడని ఆ పేరు పెట్టారు.

"అడిగితే?" అంది మిషనక్క.

"పరీక్ష రాశాను, పాసయ్యాను అను. కాగితం మీద అలాగే ఉంది."

"రాసింది నువ్వు."

"గట్టిగా అనకక్కా."

పక్కింట్లో బకెట్ నిండుతున్న చప్పుడు వినబడింది.

జరిగింది ఇదీ. కొత్త స్క్రీన్ వచ్చేముందు ఒక కుర్రాడు వచ్చి గోడ మీద బొమ్మలు వేసి చూపించి, టీ తాగి వెళ్ళిపోయాడు. నేర్చుకోవాల్సిన పనిలేనంత సులువు అన్నాడు. వరండాలో అంటించిన పోస్టర్ మీద కూడా అదే మాట. ఆ తర్వాత ఎవరికి వారు కంప్యూటర్లో పాఠం చూసి పరీక్ష రాయాలని ఆర్డరు వచ్చింది. ఎప్పుడు రాయాలో ఆర్డరులో లేదు. ఫోన్లు ఆగవు, డెస్క్ వదలడానికి వీల్లేదు, బదులు కూర్చునే మనుషులు లేరు. భోజనం చేస్తూ రాసెయ్యండి అన్నాడు గొడుగు. ఒక చేత్తో అన్నం, ఒక చేత్తో పరీక్ష, చెవి దగ్గర లైన్‌మన్. రెండు రోజులు చూసి, ఎవరో సరదాగా అన్నారు: చిన్నమ్మాయి వేగంగా కొడుతుంది కదా, అందరిదీ తనే రాసేస్తే పోలా? అందరూ తలో పాస్‌వర్డు చెప్పారు. చిన్నకోడలు స్టోర్ రూమ్‌లో ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చుని డెస్క్ మొత్తానికీ రాసి పారేసింది. ఆ సాయంత్రం అందరూ కలిసి ఆవిడకి ఐస్‌క్రీమ్ తినిపించారు. ఊరందరికంటే ముందు ట్రైనింగ్ పూర్తిచేసిన సెక్షన్ అని గొడుగుకి షీల్డు వచ్చింది. అది ఇప్పటికీ ఆయన బల్ల మీద ఉంది.

"నువ్వు తప్పు చేశావని నేననను," అంది మిషనక్క. "నా పాస్‌వర్డు నేనే ఇచ్చాను."

"అయితే రాశానని చెప్పు."

"అంటే, స్క్రీన్ గురించి అన్నీ తెలిసి, బావిగొంతు పైన ఉన్నాడని తెలిసి, మూశానని చెప్పాలి. అంతేనా?"

చిన్నకోడలు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సర్దాల్సిన పనేమీ లేదు.

"పొరపాటని చెప్పు. మనుషులన్నాక పొరపాటు చెయ్యరా?"

"పొరపాటుకి ఉద్యోగం పోతుంది. పోలీసు కేసు కూడా అంటున్నారు."

"నా పేరు చెప్తే నాదీ పోతుంది. డెస్క్‌లో అందరిదీ దొంగ సర్టిఫికెట్టే అవుతుంది. అందరూ నన్నే తిడతారు, ఐస్‌క్రీమ్ తినిపించిన నోళ్ళతోనే." బ్యాగు పట్టీ మెలిపెట్టింది. "మేమిద్దరం మీ మీద పడి తింటామక్కా. అంతే జరిగేది."

"ఆ మాట అనకు."

"అనను. జరుగుతుంది, అంతే."

తలుపు తోసుకుని అత్తగారు వచ్చింది. టీ పొంగి స్టవ్ మీద పడుతోంది. చిన్నకోడలు వెళ్ళి ఆపింది. మిషనక్క పొయ్యికి ఒక అడుగు దూరంలోనే ఉన్నా కదల్లేదు.

*

ఆఫీసు మెట్ల దగ్గర గొడుగు ఎదురొచ్చాడు. చేతిలో ఫైలు ఉంది. ఫైలు తెరవడు, పట్టుకుంటాడు, అంతే.

"ఏమ్మా, ధైర్యంగా ఉన్నారా?"

"ఉన్నానండీ."

"పై ఆఫీసు నుంచి వచ్చినాయన మంచివాడు. అడిగిందానికి అవును, కాదు. కథలు వద్దు. స్క్రీన్ బాగాలేదు, స్క్రీన్ మారింది, ఇలాంటివి ఎత్తకండి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది."

"స్క్రీన్ మారిందన్నది నిజమే కదండీ?"

"మారింది. మీకు ట్రైనింగ్ ఇచ్చాం. మీరు పాసయ్యారు. తొంభై పైన మార్కులు." మెట్టు దిగి ఆవిడ పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఈ స్క్రీన్ కొన్నప్పుడు పైవాళ్ళు ఏం చూశారో తెలుసా? ట్రైనింగ్‌కి మనిషిని బయటికి పంపక్కర్లేదు, బదులు మనిషిని పెట్టక్కర్లేదు అని రాసుకున్నారు. ఇప్పుడు మీరొచ్చి మాకు రాదు అంటే, మీ ఒక్కరితో ఆగదు. డెస్క్ అంతా పోతుంది. మీ ఇంటి నుంచి ఇద్దరున్నారు. అది గుర్తుపెట్టుకోండి, చాలు."

బెదిరించినట్టు అనలేదు. వాన వచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకున్నారా అని అడిగినట్టే అన్నాడు. మిషనక్క అరచేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి నడిచింది.

డెస్క్ హాలు దాటుకుంటూ పోవాలి. ఫోన్లు మోగుతున్నాయి. బయట గాలి మొదలైంది. కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంటుంటే ఎవరో మడిచిన అట్టముక్క దోపారు. గాలి వస్తే డెస్క్‌కి పని ఎక్కువ. కొమ్మలు తీగల మీద పడతాయి, లైన్‌మెన్ ఎక్కుతూనే ఉంటారు.

మిషనక్క కుర్చీలో చిన్నకోడలు కూర్చుని ఉంది. విచారణ అయ్యేదాకా మిషనక్కని డెస్క్ నుంచి తప్పించారు. ఆ కుర్చీ ఖాళీగా ఉంచడానికి వీల్లేదు. చిన్నకోడలు ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, "ఆఁ అన్నా, చెప్పు అన్నా," అంటోంది. తోడికోడలిని చూసి కళ్ళు దించుకుంది. ఆవిడ ఎడమ అరచేతిలో బాల్‌పెన్ గీతలున్నాయి. డెస్క్‌లో అందరి అరచేతుల్లోనూ ఉంటాయి. కొత్త స్క్రీన్‌లో ఏ బటన్ ఎక్కడుందో గుర్తుండక చేతిలో రాసుకుంటారు. చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు రాసుకుంటారు.

*

విచారణ గదికీ హాలుకీ మధ్య అద్దం గోడ. ఒకప్పుడు అది గొడుగు గది. బల్లకి అటువైపు పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి కూర్చున్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఆయన ముందు ఒక ల్యాప్‌టాప్, ఒక రికార్డరు ఉన్నాయి.

"కూర్చోండమ్మా. మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు సార్."

"రికార్డరు వేస్తున్నాను." వేశాడు. "ఆ రోజు ఏ పర్మిట్ మూశారు?"

"మార్కెట్ వీధి వాళ్ళది."

"మూసుకున్నది అది కాదు."

"తెలుసు సార్. నేను గుర్తు పెట్టింది మాత్రం మార్కెట్ వీధి మీదే."

"ఆ వెంటనే నొక్కారా?"

"అప్పుడే ఇంకో ఫోన్ వచ్చింది. పక్క సీటువాళ్ళు ఎత్తారు. నేను నొక్కాను."

"ఫోన్ ముందు వచ్చిందా, నొక్కడం ముందా?"

"ఫోన్ ముందు. రెండిటికీ మధ్య ఎంత? కన్ను ఆర్పినంత."

అధికారి తల ఊపాడు. ల్యాప్‌టాప్ ఆవిడ వైపు తిప్పాడు. స్క్రీన్ మీద పర్మిట్లు వరుసలుగా ఉన్నాయి. అవే రంగులు, అవే బటన్లు.

"ఇది నిజంది కాదు. నేర్చుకోవడానికి ఇచ్చిన నకలు. ఏం నొక్కినా ఎక్కడా కరెంటు రాదు, పోదు. పైనుంచి మూడో వరుస మీద గుర్తు పెట్టండి."

మిషనక్క చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"అమ్మా?"

"సార్, మీరు పెట్టకూడదా?"

"మీరే పెట్టాలి."

ఆవిడ చెయ్యి తీసి కీబోర్డు మీద పెట్టింది. వేళ్ళు వాటి చోట్లు వెతుక్కోలేదు, వెళ్ళి కూర్చున్నాయి. ఆవిడకి భయం వేసింది అందుకే. మూడో వరుస మీద నీలం గీత వచ్చింది. ఆ వరుసలో 'వంతెన' అని ఉంది.

"ఏముంది?"

"వంతెన."

"చెయ్యి అలాగే ఉంచండి. నన్ను చూడండి."

ఆవిడ ఆయన వంక చూసింది. ఆయన జేబులోంచి ఫోన్ తీసి ఏదో నొక్కాడు. ల్యాప్‌టాప్ చిన్నగా మోగింది. డెస్క్‌లో కొత్త ఫోన్ వచ్చినప్పుడు వచ్చే చప్పుడే.

"ఇప్పుడు చూడండి."

నీలం గీత మూడో వరుస మీదే ఉంది. వరుసలో ఇప్పుడు 'వంతెన' లేదు. 'పాలకేంద్రం' ఉంది. వంతెన ఒక మెట్టు కిందికి దిగింది.

మిషనక్క చూస్తూ ఉండిపోయింది. అధికారి మళ్ళీ ఫోన్ నొక్కాడు. చప్పుడు. పైన కొత్త వరుస పుట్టింది. పాలకేంద్రం దిగింది, గీత ఉన్న చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. గీత మాత్రం కదల్లేదు.

"పాతదాంట్లో?" అన్నాడాయన.

"పాతదాంట్లో కొత్తవి కింద చేరేవి సార్. పైవి కదిలేవి కావు. ఏళ్ళ తరబడి కదల్లేదు." వేలితో స్క్రీన్ చూపించింది. "పైగా మూసేముందు అడిగేది, ఫలానావాళ్ళది మూస్తున్నావు, సరేనా అని. ఇది అడగదు."

"క్లిక్కులు తగ్గించామని చెప్పుకున్నారు."

"అంటే ఆ రోజు..."

"ఆ రోజు మీరు మార్కెట్ వీధి మీదే పెట్టారు. ఫోన్ వచ్చింది. మార్కెట్ వీధి దిగింది. దాని పై వరుసలో ఉన్న మనిషిది గీత ఉన్న చోటికి చేరింది. మీరు నొక్కారు."

ఆవిడకి ఏడుపు రాలేదు. నిద్ర వచ్చినట్టయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి తన చెయ్యి తన మాట వినలేదని నమ్మింది. చెయ్యి విన్నది. ఇది తెలిసి గుండె తేలికపడాలి. పడలేదు, ఎందుకంటే అధికారి ఇంకో కాగితం తీస్తున్నాడు.

"ఇప్పుడు అసలు సంగతి. ఈ వరుసలు కదులుతాయని మీ పాఠంలో ఉంది. పరీక్షలో కూడా అడిగారు. కొత్త ఫోన్ వచ్చినప్పుడు గుర్తు పెట్టిన వరుస ఏమవుతుంది? మూడు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. మీరు ఏది ఎంచుకున్నారో గుర్తుందా?"

మిషనక్క నోరు తెరిచింది. ఆ ప్రశ్న ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"గుర్తులేదు సార్."

"అక్కడే ఉంటుంది, కదలదు అని ఎంచుకున్నారు. తప్పు. మిగతావన్నీ ఒప్పులే, అందుకని పాసయ్యారు." కాగితం బల్ల మీద పెట్టాడు, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. పేకముక్కలు పరిచినట్టు పరిచాడు. "ఇది మీ పక్క సీటావిడది. ఇది రాత్రి షిఫ్టు ఆయనది. ఇది మీ తోడికోడలిది. అందరూ పాసే. అందరిదీ ఒకే ప్రశ్న తప్పు, ఒకే జవాబు."

మిషనక్క కాగితాల వంక చూడలేదు.

"మీరు బడిలో చదువుకున్నారు కదమ్మా. పక్కవాడిది చూసి రాస్తే మాస్టారు ఎలా పట్టేవారు? ఒప్పులు చూసి కాదు. ఒప్పు ఎవరికైనా ఒకటే. తప్పులు చూసి పట్టేవారు."

"సార్..."

"నాకు రెండిట్లో ఒకటి కావాలి. ఈ పరీక్ష మీరు రాశారంటే, వరుస కదులుతుందని పాఠం చదివి కూడా మర్చిపోయారని రాసుకుంటాను. మీ పేరు మీద ముగుస్తుంది. మీరు రాయలేదంటే, ఎవరు రాశారో మీ నోటితో చెప్పాలి. అప్పుడు మీ ఒక్కరి మీద ముగియదు." రికార్డరుని వేలితో కొంచెం ముందుకి జరిపాడు. "తొందర లేదు. ఆలోచించుకోండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని అత్తగారు మాటిమాటికీ అంటుంది. మిషనక్కకి ఆ మాట వినీ వినీ అరిగిపోయింది. ఇప్పుడు నుయ్యి ఎంత లోతో కనబడింది. రాశానంటే చాలు. ఒక్క మాట. చిన్నకోడలి ఉద్యోగం ఖాయమవుతుంది, మరిది తలెత్తుకుంటాడు, డెస్క్‌లో ఎవరి మీదా చెయ్యి పడదు. తను ఇంట్లో కూర్చుంటుంది. పోలీసులు వస్తే వస్తారు.

ఆవిడ అద్దంలోంచి హాలు వైపు చూసింది, జవాబు అక్కడేమైనా ఉందా అన్నట్టు.

గాలి ఎక్కువైంది. అట్టముక్క ఎగిరిపోయి కిటికీ రెక్క మళ్ళీ కొట్టుకుంటోంది. హాల్లో ఒక్క ఫోన్ కూడా ఊరికే లేదు. గొడుగు మధ్యలో నిలబడి, కానివ్వండి కానివ్వండి అని చేతులు ఊపుతున్నాడు. ఆవిడ కుర్చీలో చిన్నకోడలు రెండు ఫోన్లు పట్టుకుని ఉంది. ఒకటి చెవి దగ్గర, ఒకటి బల్ల మీద. కళ్ళు స్క్రీన్ మీద, కుడిచెయ్యి కీబోర్డు మీద. స్క్రీన్ పై అంచున కొత్త వరుస పుట్టింది. అన్నీ ఒక మెట్టు దిగాయి. మళ్ళీ పుట్టింది. మళ్ళీ దిగాయి. ఇంత దూరం నుంచి కూడా ఆ కదలిక కనబడుతోంది. చూడాలని తెలిస్తే కనబడుతుంది. ఆ హాల్లో ఎవరికీ తెలియదు. అక్కడే ఉంటుంది, కదలదు అని అందరి పేరు మీదా రాసిన మనిషి, అదే నమ్మి, అక్కడ కూర్చుని నొక్కుతోంది.

"సార్," అంది మిషనక్క. "ముందు డెస్క్ ఆపించండి."

"ఏమిటి?"

"పర్మిట్లు మూయడం ఆపమనండి. ఇప్పుడే. సబ్‌స్టేషన్‌కి ఫోన్లో చెప్పి చేసుకోమనండి, ఏదో ఒకటి. స్క్రీన్ ముట్టుకోవద్దనండి."

"నాకా అధికారం లేదమ్మా. మీ సూపర్వైజర్ చెయ్యాలి. ఆయన కారణం అడుగుతాడు." అధికారి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. "వాళ్ళంతా పాసైనవాళ్ళు. ట్రైనింగ్ అయినవాళ్ళు. కాగితాలు ఇవిగో. గాలివానలో డెస్క్ ఎందుకు ఆపాలి?"

ఆయన ఎగతాళి చెయ్యడం లేదు. కారణం అడుగుతున్నాడు. కారణం ఒకటే ఉంది, అది ఆవిడ నోట్లో ఉంది.

అద్దం అవతల చిన్నకోడలు ఫోన్లో ఏదో విని తల ఊపింది. దిగారా అన్నా, అని అడిగినట్టు పెదవులు కదిలాయి.

"ఎవరూ పాసవలేదు," అంది మిషనక్క. లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. "నేను ఆ పరీక్ష చూడనే లేదు. ఎవరూ చూడలేదు. మా తోడికోడలు ఒక్కతే రాసింది, అందరిదీ, మేం అందరం రాయమన్నాం. వరుస కదులుతుందని ఈ డెస్క్‌లో ఒక్కరికీ తెలియదు సార్. తనకీ తెలియదు."

రికార్డరు తిరుగుతూనే ఉంది. అధికారి ఏదో అనబోయాడు. ఆవిడ అప్పటికే తలుపు తీసింది.

హాలు చప్పుడు ఒక్కసారిగా మీద పడింది. "ఏమ్మా, ఎక్కడికి?" అని గొడుగు అడ్డం వచ్చాడు. ఆవిడ ఆయన్ని తోసేసింది. ఆయన ఫైలు కింద పడి కాగితాలు చెదిరాయి.

"నొక్కకే! చెయ్యి తియ్యి! నొక్కకు!"

చిన్నకోడలు ఉలిక్కిపడి చెయ్యి పైకెత్తింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు పట్టుకుని అలాగే తిరిగి చూశారు.

"నొక్కేశాను కదక్కా," అంది చిన్నకోడలు. "ఇప్పుడే. వాళ్ళు దిగిపోయారు, నేను కనుక్కున్నాను."

"ఎవరు దిగారు?"

"మిల్లు వెనక వాళ్ళు."

మిషనక్క స్క్రీన్ మీదికి వంగింది. మిల్లు వెనక వాళ్ళ వరుస అక్కడే ఉంది. తెరిచే ఉంది.

"మరి ఏది మూశావు?"

చిన్నకోడలు కూడా చూసింది. పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. "మిల్లుదే నొక్కానక్కా. ఒట్టు. మిల్లు మీదే పెట్టాను."

"తెలుసు. ఇందాక దాని మీద ఎవరున్నారు? దానికి పైన?"

"తెలీదు. చాలామంది ఉన్నారు. ఇవన్నీ ఇప్పుడే వచ్చాయి. అక్కా, నాకు తెలీదు."

మిషనక్క సబ్‌స్టేషన్ ఫోన్ అందుకుంది. రెండుసార్లు మోగింది. ఆపరేటర్ ఎత్తాడు. వెనక గాలి హోరు వినబడుతోంది.

"నేను, డెస్క్ నుంచి. ఇప్పుడొకటి మూసినట్టు వచ్చిందా?"

"ఆఁ, వచ్చిందక్కా, చూశాను," అన్నాడతను. "అదే వేద్దామని లేచాను. ఒక్క నిమిషం లైనులో ఉండు, వేసొచ్చి మాట్లాడతా."

"వద్దు. ఆగు. వెయ్యకు..."

అవతల రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత చెప్పుల చప్పుడు, సిమెంటు గచ్చు మీద, దూరంగా వెళ్తూ.